ఆపతి డబ్బ

మా ఇంటాయన డబ్బ కట్టిండంటే విమానంలకెళ్లి కింద పడ్డా గా డబ్బ ఇప్పుకోదు. ఏండ్లకేండ్లు గల్ఫ్‌ల ఉన్నోడాయె. సెలవు మీద ఊరికి వచ్చేటోళ్లందరు ఆయన రూముకే వచ్చి డబ్బలు కట్టిచ్చుకుంటరట. గీ ముచ్చట ఆయన చెప్పంగ నేను శానసార్లు విన్న. విన్నప్పుడల్ల కొత్తగ విన్నట్టే మొఖం పెట్టిన. గా పేరు ఒకనాడు మా అత్త పానం మీదికి తెస్తదని నాకేం ఎరుక.

మాది మెట్‌పల్లిల వాగు దిక్కు గల్లీ. కింద రెండు రూములు, మిద్దె మీద ఒక రేకుల రూము. ఇంట్ల ఉండేది నేను, మా అత్త. అత్తకు దమ్ము, ఊపిరాడని రోగం. చిన్నప్పటిసంది బీడీలు చేసి చేసి, తంబాకు దుమ్ము పీల్చి పీల్చి తెచ్చుకున్నది. కరీంనగర్‌ల డాక్టరు పొద్దుమాపు నోట్లె పెట్టుకొని పీల్చే పంపు రాసిచ్చిండు. "బీడీల చాట మళ్ల ముట్టినవంటే నా తాన రాకు" అని గట్టిగ చెప్పిండు. ఆమె ఆయన ముంగటనే చెంపలేసుకొని, ఇంటికొచ్చి చాట, ఆకు కట్టలు అన్నీ పక్కింటామెకు ఇచ్చేసింది. ఇంత మంచిగ మాట ఇన్నదని నేను సంబరపడ్డ.

పోయినేడు వానకాలంల చెరువు మత్తడి దుంకి, వాగు మా గల్లీలకొచ్చింది. నీళ్లు గడప దాటేదాక నేను ఏది సర్దుకోలే. టార్చి ఏడున్నదో తెల్వదు, అగ్గిపెట్టె నానిపోయింది, అత్త పంపుల మందు అయిపోయింది. ఆమె మిద్దె మీద కూసొని నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంటుంటె, నేను అట్టముక్కతోని ఇసురుకుంట ఏడ్చిన. ఎదురింటోళ్ల ట్రాక్టరు ఉండబట్టి దవాఖానకు పోయినం, బతికింది. గా దినమే అనుకున్న, ఇంకోసారి గట్ల కానియ్యనని.

ఎండకాలం ఆయన సెలవు మీద వచ్చిండు. "ఆపతికి అక్కరకొచ్చే సామానంత ఒక సంచిల సర్ది మీద రూముల పెట్టుకుందాం" అన్న. నా తప్పేమన్న ఉంటే గంతే, ఆయనకు చెప్పుడు.

"సంచి ఏంది? డబ్బ కడ్త" అన్నడు.

తెల్లారి పొద్దుగాల్ల బజారుకు పోయి పెద్ద అట్టడబ్బ, టేపు కట్టలు, నైలాన్ తాడు పట్టుకొచ్చిండు. నడింట్ల కూసొని మొదలువెట్టిండు. బియ్యం, కందిపప్పు, చాయపత్త, బిస్కెట్లు, టార్చి, కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు, కత్తి, కత్తెర, జ్వరం గోలీలు, దుప్పటి. అత్తకు కొత్త పంపు తెచ్చిండు. పగులుతదని దాన్ని ఖాళీ పాలపొడి డబ్బల పెట్టి, గా డబ్బను తువ్వాలల చుట్టి, తువ్వాలను దుప్పటి నడుమ పెట్టిండు. పసిపిల్లను పండవెట్టినట్టు పండవెట్టిండు.

అంతా అయినంక, సామాన్ల సంచికెళ్లి తక్కెడ తీసిండు, కొక్కెం ఉండే తక్కెడ, విమానం ఎక్కేముందు బరువు చూసుకునేది. డబ్బకు తగిలిచ్చి, పండ్లు బిగవట్టి పైకి లేపి చూసి, "ఎక్కువైంది" అని రెండు పప్పు ప్యాకెట్లు తీసి పక్కకు పెట్టిండు.

"గిది మిద్దె ఎక్కుతదా, విమానం ఎక్కుతదా?" అన్న నేను.

ఆయన నా దిక్కు సుత చూడలే. అలవాటైన చెయ్యి, ఆపుమంటే ఆగుతదా. టేపు జర్రుజర్రుమని ఇల్లంత మోగింది. అడ్డం, నిలువు, మూలమూలకు, మళ్ల అడ్డం. దాని మీద తాడు. ముడి మీద ముడి, దాని మీద మళ్ల టేపు. ఆఖరికి మార్కరు తీసి నాలుగు దిక్కుల పేరు, గల్లీ, ఫోన్ నంబరు ఇంతింత అక్షరాలతోని రాసిండు. ఇంట్ల ఉండే డబ్బ మీద ఇంటి అడ్రస్ ఎందుకయ్యా అంటే, కొట్టుకపోతే ఎవలన్న తెచ్చిస్తరు అన్నడు. అత్త కొడుకు పనితనం చూసి మురిసిపోయింది. ఇద్దరు తల్లికొడుకులు దాని పక్కన నిలవడి ఫోటో దిగిన్రు, తీసింది నేనే.

ఆయన గల్ఫ్‌కు పోయిండు, డబ్బ మిద్దె మీద కూసున్నది. ఇగ అత్తకు దాని మీదనే కన్ను. ఇంటికి ఎవలన్న చుట్టాలొస్తే "మీద చాయపత్త ఉన్నది కద, జర తియ్యి" అనేది. ఇంట్ల చాయపత్త లేదా అంటే ఉన్నది, గాని కొడుకు తెచ్చింది మంచిగుంటదట. నేను ఇయ్యకపోయేది. మా దిక్కు గల్ఫ్ డబ్బ అంటే, కట్టినోడు చెప్పందే ఎవ్వలు ఇప్పరు. ఆయన ఫోన్ల ఉండి "ఆ, ఇప్పుండ్రి" అంటేనే చెయ్యి పెడ్తం. అంతదాక చుట్టాలు సుత చుట్టు కూసొని చూసుడే. గీ డబ్బ ఇంట్లనే కట్టిందైనా, నాకు గదే మర్యాద అంటుకున్నది.

అత్తకు కోపమొచ్చి పక్కింటికి పోయేది. రోజు పగటి బువ్వ తిన్నంక పోయి, పొద్దుగూకేదాక ముచ్చట పెట్టి వచ్చేది. వచ్చినప్పుడు చీరె తంబాకు వాసనొస్తే, "వాళ్లు బీడీలు చేస్తరు కద, వాసన అంటదా" అనేది. అంటుతది అనుకున్న. నాకు అంత తెలివుంటే ఇంకేం.

ఈ ఏడు మళ్ల వాన పట్టింది. ఒకనాడు పొద్దున చాయ పెడ్తుంటె గల్లీల కేకలు ఇనవడ్డయి, చూస్తే నీళ్లు. గీసారి నాకు భయం కాలే. నిజం చెప్పాలంటే జర గర్వమే అనిపిచ్చింది. రమ్మను వాగును, చూస్త అనుకున్న. పొయ్యి బందు చేసి, అత్త చెయ్యి పట్టుకొని మిద్దె ఎక్కిచ్చిన. రోజు వాడే పంపు తలగడ కింద మర్చిపోయినం. నేను దిగి చూసేసరికి నీళ్లు మోకాళ్లదాక వచ్చి, తలగడ ఒక దిక్కు తేలుతున్నది, పంపు కానరాలే. కానియ్యి, మీద కొత్తది ఉన్నది కద అని ఎక్కిన.

అత్తకు అప్పటికే ఊపిరిల ఈల మొదలైంది. మెట్లెక్కిన ఆయాసానికి చల్లగాలి తోడైంది. నేను డబ్బ మీద పడ్డ.

టేపు అంచు దొరకలే. గోర్లతోని గీకిన, గోరు ఇరిగింది. ముడి ఇప్పుదామంటే, ముడి మీద టేపు, టేపు కింద ఇంకో ముడి. కత్తి కోసం చూద్దామంటే కత్తి, కత్తెర రెండు డబ్బలనే. కాలుద్దామంటే అగ్గిపెట్టె డబ్బల. కింద బురదనీళ్లల్ల కత్తిపీట ఉన్నది గాని, కండ్లకు కానరాని కత్తిపీట కోసం చేతులు పెట్టి దేవులాడితే వేళ్లు మిగులుతయా.

ఆయనకు వీడియో కాల్ చేసిన. పనిల ఉన్నట్టున్నడు, నెత్తి మీద టోపీ.

"అత్తకు దమ్మొచ్చింది. నీ డబ్బ ఊడుతలేదు, ఎట్ల ఇప్పాలె?"

"కెమెరా తిప్పు, ఏ ముడో చూపెట్టు" అన్నడు. తిప్పిన. జరసేపు చూసి, "అది ఇప్పేది కాదు, కోసేది" అన్నడు. గా మాట చెప్పేటప్పుడు సుత గొంతుల ఇంత గొప్పతనం. "కత్తెరతోని కొయ్యి."

"కత్తెర ఏడున్నది?"

ఆయన టోపీ తీసి నెత్తి గోక్కున్నడు. మెల్లగ, "పప్పు కింద" అన్నడు.

ఫోన్ గోడకు ఆనిచ్చి తాడును పండ్లతోని పట్టిన. నైలాన్ తాడు, చిగుర్లు కోసుకపోయినయి, నోరంత ఉప్పగైంది. అయినా ఇడ్వలే. అత్త పెదవులు నీలమైతున్నయి. నేను తాడు కొరుక్కుంటనే ఆయనను, ఆయన టేపును, గా గల్ఫ్‌ను, అన్నిటిని తిట్టిన. నోట్లె తాడు ఉండబట్టి ఎవ్వలకు సమజ్ కాలే.

అత్త చెయ్యి ఊపింది. ఏందంటే మాట రాలే. నడుముకు ఉండే వక్కల సంచిల చెయ్యి పెట్టి, నా దిక్కు చూడకుంట, చిన్న కత్తెర తీసి ఇచ్చింది. బీడీల ఆకు కత్తిరించే కత్తెర. తళతళ మెరుస్తున్నది. మూతికి పచ్చటి ఆకు ముక్క ఒకటి అంటుకోని ఉన్నది.

ఫోన్లకెళ్లి ఆయన గొంతు వచ్చింది. "అవ్వా, గా కత్తెర ఏడిదే?"

అత్త ఈల ఈలగనే, "ఫోన్ బందు చెయ్యి పిల్లా" అన్నది. చేసిన.

తాడు తెగింది, టేపు తెగింది. దుప్పటి, తువ్వాల, పాలపొడి డబ్బ, అన్నీ ఇసిరికొట్టి పంపు తీసి ఆమె నోట్లె పెట్టిన. పీల్చింది. జరంత ఆగి మళ్ల పీల్చింది. మెల్లగ ఈల తగ్గింది, పెదవులకు రంగొచ్చింది.

గప్పుడు మొదలైంది నాకు కోపం. గీ పానం కోసం నేను ఇంత పరేషాన్ అయితుంటె, గీమె రోజు పక్కింట్ల కూసొని బీడీలు చేసి, డాక్టరు వద్దన్న దుమ్మే మళ్ల పీల్చుకుంట, నాకు వాసన ముచ్చట్లు చెప్పింది.

"ఎందుకత్తా? నీకేం తక్కువ చేసిన నేను?" అన్న. గొంతు లేచింది. ఎదురు మిద్దె మీదోళ్లు ఇటు చూసిన్రు, చూడనీ.

ఆమె పంపును కొంగుకు ముడేసుకున్నది.

"ఏం తక్కువ చెయ్యలే బిడ్డా. చేతులు ఊకుంటలెవ్వు. పని లేకపోతే ఉత్తగ తిని కూసునేదాన్ని అయిపోయిన. ఇంకెన్ని దినాలుంట, పోతే పోత, మీకు నా బాధ తప్పుతది అనుకున్న." దమ్ము తీసుకోను జర ఆగింది. "నేను పోతనని నాకు ఎన్నడు భయం కాలే. ఇందాక నువ్వు నోట్లె నెత్తురు కారంగ గా తాడు కొరుకుతుంటె చూసిన కద. గప్పుడైంది భయం. నేను పోతే ఇది ఆగమైతది అని."

ఏడుపొచ్చింది, ఆపుకోలే. ఆమెకు ఆనుకొని కూసున్న. కింద నీళ్లు ఇంకా పెరుగుతనే ఉన్నయి. నేను వాటి దిక్కు చూడలే, ఆమె ఊపిరి లోపలికి పోవుడు, బయటికొచ్చుడు ఇనుకుంట కూసున్న.