పుంగనూరులో ఊడిన వైరు

ఆ రోజుల్లో మనిషికి స్క్రూడ్రైవరు పట్టుకోవడం వస్తే చాలు, వీడు విమానం కూడా బాగుచేస్తాడని చుట్టాలు నమ్మేసేవారు. నేను మదనపల్లెలో టేపురికార్డర్లు బాగుచేసే అంగట్లో పనిచేసేవాణ్ణి. చిక్కుపడిన క్యాసెట్టు రీలును పెన్సిలుతో చుట్టడంలో నాకు మంచి పేరుండేది. (అంతకుమించి నాకేమీ రాదని నాకూ, మా ఓనరుకూ మాత్రమే తెలుసు.) అలాంటి నాకు కుప్పంలో ఒక సంబంధం వచ్చింది. అమ్మా నాన్నా ముందురోజే వెళ్లిపోయారు. రాహుకాలం రాకముందే వచ్చి పిల్లను చూడమని నాకు మరీమరీ చెప్పారు. మా మేనమామ లారీ ఆ రోజే టమాటాలతో కుప్పం పోతోంది. "బస్సెందుకురా అల్లుడా, రాజా మాదిరి నా పక్కన కూసోని రా" అన్నాడాయన. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని రాజా మాదిరే ఎక్కాను.

పుంగనూరులో టీ అంగడి ముందు బండి ఆపి, ఇంజను ఆడుతుండగానే మామ అలవాటుగా బానెట్టు ఎత్తాడు. లోపల ఒక వైరు, కొనకు చిన్న టోపీతో, దేనికీ తగలకుండా వేలాడుతోంది. "ఇది యాడిదిరా?" అన్నాడు. తెలియదనాల్సింది. కానీ మామ అప్పటికే టీ అంగడాయనతో "మా అల్లుడు కరెంటు పనోడప్పా" అని చెప్పేశాడు. "హారనుది అయ్యుంటాది సూడప్పా" అన్నాడు టీ ఆయన. మామ హారను కొట్టాడు. అంగట్లో గ్లాసులు కూడా అదిరాయి. లైట్లు వెలిగాయి, వైపర్లు ఊగాయి. అన్నీ బాగానే ఉన్నాయి, వైరు మాత్రం వేలాడుతూనే ఉంది. "ఏమిటిదో తెలీకుండా కదిలితే దావలో ఇంజను పోతే? కాయంతా కుళ్లిపోతాది, నీ పెండ్లిసూపులూ పోతాయి" అని మామ కేబిన్లో కూలబడ్డాడు.

నేను వైరు కొనను ఇంజను ఇనుముకు అలా తాకించాను. (ఎందుకని అడక్కండి. టేపురికార్డరులో అలా తాకిస్తే గుర్రుమంటుంది, ఇక్కడా ఏదో ఒకటి అంటుందనుకున్నాను.) అన్నది ఇంజను కాదు, మామ. "రేయ్, ఉడికిపోతాండాది! మీటర్లో ముల్లు ఎర్రగీత కాడికి పొయ్యింది! నీళ్లు, నీళ్లు!" టీ ఆయన గ్లాసులు కడిగే బకెట్టు ఎత్తి ఒక్క విసురు విసిరాడు. కొన్ని ఇంజను మీద, మిగిలినవన్నీ నా మీద పడ్డాయి. వైరు చేతిలోంచి జారింది. "దిగిందిరా! ఇట్ట పోస్తానే ఎంత బిన్నా సల్లబడిందో సూడు!" అని మామ కేక. టీ ఆయన మీసం దువ్వుకున్నాడు. నేను నీళ్లోడుతూ నిలబడి ఆలోచించాను. ఇంత ఇంజను రెప్పపాటులో ఉడికి, రెప్పపాటులో చల్లారుతుందా? మళ్లీ తాకించాను. "మల్లా ఎక్కిందిరో!" అన్నాడు మామ. టీ ఆయన బకెట్టు వైపు పరిగెత్తాడు.

"అన్నా, ఆగన్నా! ఇంజను ఉడకలేదు! మామా, ఇది వేడి సూపించే ముల్లు వైరు!"

నీళ్ల గొట్టం దగ్గర వెతికాను. చుట్టూ నూనె మసి, మధ్యలో ఒక చిన్న ఇత్తడి మొన మాత్రం శుభ్రంగా మెరుస్తోంది. టోపీ దాని మీద టక్కుమని కూర్చుంది. ముల్లు నెమ్మదిగా లేచి మధ్యలో నిలబడింది. "పొద్దున్నించి అడుగునే పడుకోని ఉండాది, నేనే సూసుకోలేదే" అన్నాడు మామ చిన్నగా. దారిలో ఇంజను నిజంగా ఉడికినా ముల్లు చెప్పేది కాదని అప్పుడు ఇద్దరికీ తెలిసొచ్చింది.

కుప్పం చేరేసరికి రాహుకాలం నడుస్తోంది. తెల్లచొక్కా మీద నల్లటి వేలిముద్రలు, జుట్టులో టీపొడి. మా అమ్మ తల పట్టుకుంది. మామ కథంతా చెప్పాడు. (ఆయన చెప్పిన ఇంజనులోంచి పొగ కూడా వచ్చింది.) అంతా నవ్వారు. తలుపు వార నిలబడిన అమ్మాయి మాత్రం నవ్వకుండా అడిగింది. "ముల్లు ఎర్రగీతకు పొయ్యిందంటిరే, రెండోతూరి ఏల తాకిచ్చినారు? బయం కాలేదా?"

"అయింది. కానీ ఒకసారికే నమ్మబుద్ధి కాలేదు" అన్నాను.

అప్పుడు నవ్వింది. ముహూర్తం తప్పిందని పెద్దవాళ్లు గొణుగుతుంటే, నాకేమీ తప్పినట్టు అనిపించలేదు. ఆ సంబంధమే కుదిరింది.

ఇప్పుడు కారులో ఏ ఎర్రదీపం వెలిగినా షోరూముకు ఫోను చేసి, చేతులు కట్టుకుని నిలబడతాను. మా ఆవిడ నన్నోసారి, ఆ దీపాన్నోసారి చూస్తుంది. మసైన చొక్కాతో గడప బయట బిక్కచచ్చి నిలబడిన ఆ కుర్రాడు అప్పుడు గుర్తొస్తాడు. వాడికి ఏమీ తెలిసేది కాదు, పాపం. అయినా చెయ్యి మాత్రం ముందుకే పోయేది.