మేస్త్రీ సంతకం

షూక్వాన్‌కి యాభై మూడేళ్ళు. అందులో ముప్పై ఏడేళ్ళు జ్యాయీ ఊరి శివార్లలో, తండ్రి పెట్టిన మోటారుసైకిళ్ళ షెడ్డులోనే గడిచాయి. తండ్రి పని నేర్పాలనుకున్నది కొడుకు కున్‌హ్వాకి. ఆ కొడుక్కి చేతికి గ్రీజు అంటితే అన్నం సయించేది కాదు. స్పానర్లు అందిస్తూ పక్కన నిలబడిన కూతురు షూక్వాన్‌కి మాత్రం పని ఒంటబట్టింది. తండ్రి పోయాక బోర్డు మీద కొడుకు పేరే ఎక్కింది. చెల్లెలు బళ్ళ కింద దూరేది. అన్నయ్య టీ బల్ల దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళకి కబుర్లు చెప్పేవాడు. కొత్తవాళ్ళు ఆవిడ కున్‌హ్వా భార్య అనుకుని "యజమానమ్మా" అని పిలిచేవారు. దిద్దీ దిద్దీ విసుగెత్తి ఊరుకుంది.

అనాసతోట రైతు ఒకాయన తుక్కు కింద వదిలేసిన నూటపాతిక సీసీ బండిని ఆవిడ రెండేళ్ళు పట్టి మార్చింది. ఫ్రేము తోక కోసి పొట్టి చేసింది. ఇసుకసంచి మీద రేకు పెట్టి, చెక్క సుత్తితో కొట్టి కొట్టి బాదంకాయలాంటి ట్యాంకు తీర్చింది. గుండ్రటి దీపం, గోధుమరంగు తోలు సీటు. చూస్తే తాతలనాటి బండి, కిక్కు కొడితే ఒక్క దెబ్బకే అందుకునేది.

"ఇది అమ్ముడుపోతే, ఇక ఇలాంటివి నా పేరుతోనే ఒప్పుకుంటా," అంది అన్నయ్యతో.

ఫొటోలతో పాటు తన పేరు నెట్‌లో పెట్టింది. నెలన్నరలో తొమ్మిదిమంది వచ్చారు. అందరిదీ ఒకటే మొదటి మాట: "మేస్త్రీ లేడా?" నేనే అంటే నవ్వారు. వక్క నములుతూ వచ్చిన ఒకడు వెల్డింగు అతుకుల మీద వేలు రాసి, "అక్కా, కుట్టుపని బాగానే కుదిరింది గానీ, దీనిమీద నా ప్రాణం పెట్టమంటావా?" అని, బేరమైనా ఆడకుండా పోయాడు.

"నా పేరు పెట్టు. బండి నీదే. నా మీసం అరువు తీసుకో, అంతే," అన్నాడు కున్‌హ్వా.

మూడు రోజులు మొండికేసి, నాలుగో రోజు పేరు మార్చింది. ఆ ఆదివారమే థైజోంగ్ నుంచి దెంగ్ అనే పళ్ళ డాక్టరు వచ్చాడు. బండెక్కి పెద్దరోడ్డు దాకా వెళ్ళొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"అద్భుతం, మేస్త్రీగారూ! నెమ్మదిగా పోతుంటే మాత్రం కాస్త దగ్గుతోంది."

"అది... ఎండ వల్ల, డాక్టరుగారూ," అన్నాడు కున్‌హ్వా.

షూక్వాన్ స్క్రూడ్రైవరు తీసుకుని గొంతుకూర్చుంది. కార్బురేటర్ దగ్గరి స్క్రూని పావు చుట్టు తిప్పింది. దగ్గు ఆగిపోయింది.

"మీ చెల్లెలికి కూడా కాస్త పట్టుబడిందే!"

"నా పక్కనే పెరిగిందిగా."

డబ్బు చేతులు మారాక డాక్టరు జేబులోంచి రంగు పెన్ను తీశాడు. "ట్యాంకు అడుగున మీ సంతకం కావాలి. మా క్లబ్బులో చూపించుకోవాలి."

కున్‌హ్వా చెల్లెలి వైపు ఒక్కసారి చూశాడు. నోరు తెరవడానికి అంతకు మించిన సమయం ఉండదని ఆవిడకీ తెలుసు. కానీ ట్యాంకు అడుగున నూనె చెయ్యి పడిన మరక ఉంది, దాని మీద సిరా నిలవదు. గుడ్డ తీసి, పెట్రోలులో ముంచి, శుభ్రంగా తుడిచి పెట్టింది. తుడిచాక గాని తన చెయ్యి ఏం చేసిందో ఆవిడకి తెలియలేదు. అన్నయ్య పెద్ద అక్షరాలతో రాశాడు.

సాయంత్రం టర్కీ కోడి అన్నం పొట్లాలు తెచ్చాడు. "తిను. ఇవాళ పెద్ద రోజు."

"ఎవరికి?"

"మొదలెట్టావా? అమ్మిపెట్టింది ఎవరు?"

"నువ్వే. చేసింది కూడా నువ్వేగా. రాశావు కదా."

అతను పొట్లం విప్పుకుని తిన్నాడు. ఆవిడది అలాగే చల్లారిపోయింది.

పది రోజులు గింజుకుని డాక్టరుకి ఫోను చేసింది. బండి మొత్తం తన చేతి పనేనని చెప్పింది.

"మరి మీ అన్నయ్య ఒక్కసారైనా సరిచూశారా, అమ్మా?"

"లేదు. ఆయనకి రాదు."

"ముందే చెప్పాల్సింది," అని పెట్టేశాడు.

వారం తర్వాత అతనే ఫోను చేశాడు. వాళ్ళ ఊళ్ళో ఇంకో షెడ్డులో బండి విప్పించి చూపించాడట. ఎక్కడా వంక పెట్టడానికి లేదన్నారట. "అయినా ఈ సంగతి మన మధ్యే ఉండనివ్వండి. మా క్లబ్బులో నా పరువు పోతుంది," అన్నాడు మర్యాదగానే.

ఆ క్లబ్బు నుంచే మూడు ఆర్డర్లు వచ్చాయి, మూడూ కున్‌హ్వా మేస్త్రీకే. ఆవిడ ఒక్కటీ ముట్టుకోనంది.

"ఎవరి మీద కోపం? నోటికాడి కూడు తన్నుకుంటావా?" అని అన్నయ్య అరిచాడు, బతిమాలాడు, చివరికి మాట్లాడటం మానేశాడు. వచ్చినవాళ్ళకి మాత్రం తనకి నడుంనొప్పి అనీ, అందుకే ఒప్పుకోవడం లేదనీ చెప్పుకున్నాడు. వాళ్ళు అయ్యో అని జాలిపడి, నొప్పికి పట్టీలు పంపించారు.

షూక్వాన్ ఇప్పుడు కాలేజీ పిల్లల స్కూటర్లకి ఆయిలు మారుస్తోంది. ఇసుకసంచి, చెక్క సుత్తి తుక్కువాడికి ఇచ్చేసింది. వాడు ఇసుకసంచి వద్దన్నాడు.