చిన్నరాయప్ప తనకు తాను తీసుకున్న తరుగు

మా కాయల యార్డులో చిన్నరాయప్ప పేరెత్తితే రైతుల మొహాలు మాడిపోతాయి. మనిషి చెడ్డవాడు కాదు. ఆదివారం చర్చి మానడు, ఎవరి జోలికీ పోడు. వచ్చిన చిక్కల్లా అతను చేసే పనితోనే. కృష్ణకాంత్ గారి మామిడి కమిషన్ కొట్లో కాటా దగ్గర కూర్చుని, వచ్చిన ప్రతి లోడు బరువూ చూసి, అందులోంచి తరుగు తీసేసి, మిగిలింది పైకి చదువుతాడు. తరుగంటే తొడిమకి కొంత, సొనకి కొంత, బండిలో నలిగినదానికి కొంత, ఎప్పుడో కుళ్ళబోయే కాయకి కొంత అని వ్యాపారి ముందే కోసుకునే బరువు. ఆ పని పెళ్ళికి ముందు నుంచీ చేస్తున్నాడు కాబట్టి చిన్నరాయప్ప నోటికి అసలు బరువు రాదు. కాటా ఒకటి చూపిస్తుంది, అతని నోరు ఇంకోటి చెబుతుంది.

యార్డు గేటుకి ఎదురుగా ఉన్న టిఫిన్ హోటల్ నాది. ఇదంతా పెసరట్లు తిప్పుతూ నేను కళ్ళారా చూసిందే. నూజివీడులో ఇంకెవరైనా ఇంకోలా చెబితే నమ్మకండి.

కొన్నేళ్ల కిందట, బంగినపల్లి ముమ్మరంగా దిగుతున్న రోజుల్లో, చిన్నరాయప్పకి జబ్బు చేసింది. ముందు నిద్ర పోయింది. తర్వాత మాట వేగం పెరిగింది, ఒక మాట పూర్తికాకుండానే ఇంకో మాట తోసుకొచ్చేది. ఇంట్లో గిన్నెలూ దుప్పట్లూ వీధిలో పంచిపెట్టాడు. చెప్పుల్లేకుండా మైలవరం దాకా నడిచిపోయాడు. ఇన్ని జరుగుతున్నా యార్డులో ఎవరూ పట్టించుకోలేదు. ఒకరోజు మాత్రం కాటా మీదికెక్కి నిలబడి, దేవుడు తనతో మాట్లాడాడనీ, ఇకమీదట ఎవరి కాయలకీ తరుగు లేదనీ ప్రకటించాడు. దాంతో అతనికి మతి తప్పిందని వ్యాపారులందరూ ఒక్క మాట మీదికి వచ్చేశారు. కాయల ధర దగ్గర కూడా వాళ్ళు అంత తొందరగా ఒక్క మాట మీదికి రాగా నేను చూడలేదు. అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికి ఆటో కూడా కృష్ణకాంత్ గారే పిలిపించారు.

మేం నవ్వుకున్న మాట నిజమే. సుసన్నాని చూశాక నవ్వు రాలేదు. చిన్నరాయప్ప భార్య ఆమె. అదే యార్డులో కాయల్ని గడ్డిలో పేర్చే పని చేస్తుంది. జబ్బు ముదిరినప్పుడు అన్నం పెట్టబోతే, ఎవరమ్మా నువ్వు, మా ఇంట్లో ఎందుకున్నావని అడిగాడట. ఆ మాట నాకు చెప్పి, నా హోటల్ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది.

విజయవాడలో డాక్టరమ్మ మాత్రలు రాసింది. కొన్ని వారాలకి చిన్నరాయప్ప నిద్రపోయాడు. లేచాడు. భార్యని పేరు పెట్టి పిలిచాడు. యార్డుకొచ్చి కాటా దగ్గర కూర్చుని చక్కగా తరుగు తీయడం మొదలుపెట్టాడు. నయమైందని అందరూ సంతోషించారు, రైతులు తప్ప.

ఆ మాత్రలకి ఆకలి ఎక్కువవుతుందని డాక్టరమ్మ ముందే హెచ్చరించిందట. ఎంత ఎక్కువో ఆవిడకి తెలిసుండదు, నాకు తెలుసు. ఉప్మా పెసరట్టు తిని, ఇంకోటి తిని, పక్కవాడి ప్లేటు వైపు జాలిగా చూసేవాడు. ఆ చూపు తట్టుకోలేక పక్కవాడే లేచి వెళ్ళిపోయేవాడు. దానికితోడు యార్డులో ఒక ఆనవాయితీ ఉంది. ప్రతి లోడులోంచీ ఒక కాయ కోసి లోపల ఎలా ఉందో చూస్తారు. ఆ కోసిన కాయ కాటా మనిషిది. పూర్వం చిన్నరాయప్ప ఒక ముక్క నోట్లో వేసుకుని మిగతాది హమాలీలకి ఇచ్చేసేవాడు. ఇప్పుడు టెంక కూడా చీకి, శుభ్రం చేసి పక్కన పెడుతున్నాడు. చొక్కా గుండీలు మొరాయించాయి. ప్లాస్టిక్ కుర్చీ ఒకటి కాళ్ళు చాపేసింది. హమాలీలు అతన్ని చూసి, ఈ లోడు ఏ తోటదని ఒకరినొకరు అడుక్కునేవాళ్ళు.

ఆ వేళాకోళం అతనికి బాగా గుచ్చుకుంది. ఒకరోజు నా హోటల్‌లోనే, సుసన్నా ఎదురుగానే తేల్చేశాడు.

"ఒళ్ళు ఇంకా పెరిగితే మాత్రలు మానేస్తానంతే. జబ్బు పోయిందిగా, ఇంకా ఎందుకవి?"

సుసన్నా చేతిలో గ్లాసు కింద పెట్టింది. మాత్ర మానేస్తే ఇంటికి మళ్ళీ ఎవరొస్తారో ఆమెకి తెలుసు. వాదించకుండా బేరం పెట్టింది. శనివారం శనివారం యార్డు కాటా మీద బరువు చూసుకోవాలి, తగ్గుతున్నంత కాలం మాత్ర మానకూడదు. చిన్నరాయప్ప సరేనన్నాడు. బేరం కుదిరింది, నా వ్యాపారం దెబ్బతింది. ఇకనుంచి ఒక్క పెసరట్టే, ఉప్మా లేకుండా, నూనె చూపించీ చూపించకుండా కాల్చి ఇవ్వాలని నాకు హుకుం వచ్చింది. అది తినేటప్పుడు అతను నన్ను చూసే చూపుకి నాకే ముద్ద దిగేది కాదు. కోసిన కాయలు హమాలీలకి పోయాయి. కూల్‌డ్రింకు బంద్. పొద్దున్నే ఇద్దరూ ఆగిరిపల్లి రోడ్డున తోటల వెంట నడక. ఆమె ముందు, అతను వెనక, అతని వెనక మా వీధి కుక్కలు.

మొదటి శనివారం కాటా ఎక్కి దిగి, కొంచెం తగ్గానని చెప్పాడు. మరుసటి వారం ఇంకొంచెం. ఆ తర్వాత ఇంకొంచెం. వారం వారం అతను చెప్పే అంకె దిగుతూనే ఉంది, చొక్కా మాత్రం అలాగే బిగుసుకునే ఉంది. చొక్కా ఉతుకులో కుంచించుకుపోయిందని అతను అన్నాడు, మేం నమ్మేశాం. సుసన్నా సంతోషం పట్టలేక, ఇది దేవుడు చేసిన మేలని చర్చిలో సాక్ష్యం కూడా చెప్పింది.

మళ్ళీ విజయవాడ వెళ్ళినప్పుడు ఆస్పత్రి కాటా అంతా బయటపెట్టింది. క్రితంసారి ఉన్నంతే ఉన్నాడు. మీ కాటా తప్పు చూపిస్తోంది, బాగుచేయమంటారా అని అడిగాడట. యార్డులో ఎలా చూసుకుంటున్నారని డాక్టరమ్మ అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. లుంగీ చొక్కాకి కొంత, ఫోనుకి కొంత, తాగిన మంచినీళ్ళకి కొంత తీసేశాడు. రాత్రి తిన్నది ఇంకా అరగలేదు కాబట్టి దానికీ కొంత తీసేశాడు. అంటే పాపం, ఇన్నాళ్ళూ తన ఒంటికి తానే తరుగు తీసుకున్నాడు. మోసం చేయాలని కాదు, కాటా చూడగానే నోరు అలా పలుకుతుందంతే.

డాక్టరమ్మ ఎంతసేపు నవ్విందో గానీ, నవ్వాక మంచి మాటే చెప్పింది. ఇలాంటి మాత్రలతో బరువు పెరగకుండా నిలబెట్టుకోవడమే గొప్ప, మీ నడక వృథా పోలేదంది. రక్తంలో చక్కెర కూడా అదుపులోనే ఉందంది. పాత మాత్ర మెల్లగా తగ్గిస్తూ, ఒళ్ళు అంతగా రానివ్వని ఇంకో మాత్ర మెల్లగా పెంచుతుందట. అంతేగానీ తనంతట తాను ఒక్క పూట కూడా మానకూడదని గట్టిగా చెప్పి పంపింది.

ఇవేవీ అతని చెవికెక్కలేదు. బస్సు దిగి తిన్నగా నా హోటల్‌కొచ్చి కూర్చుని, బేరం చెడింది, బరువు తగ్గలేదు, రేపటి నుంచి మాత్ర వేసుకోనన్నాడు. అతని గొంతు వింటే అది కోపం కాదు, సిగ్గు. నేను ఓదార్పుగా ఉప్మా పెసరట్టు వేయబోయాను. సుసన్నా నా చేతిలో అట్లకాడ ఆపింది. భర్త ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజుల్లో మీరు ఇంట్లో లేరండీ. మీ చొక్కా వేసుకుని ఎవరో తిరుగుతుండేవాడు. ఇప్పుడు ఎంత బరువున్నా అంతా మీరే. అందులోంచి తరుగు తీస్తే నేనొప్పుకోను. నడిచి తగ్గితే తగ్గండి, లేకపోతే లేదు. మాత్ర మాత్రం మానొద్దు."

చిన్నరాయప్ప చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు. తర్వాత మంచినీళ్ళు అడిగాడు. ఆమె సంచీలోంచి మాత్ర తీసి చేతిలో పెడితే మింగాడు. నా కళ్ళు చెమర్చాయి, పొయ్యి పొగ అని చెప్పాను.

శనివారం వచ్చింది. ఆగిరిపల్లి నుంచి వెంకటలక్ష్మి అనే రైతు తన తోట కాయలతో కాటా దగ్గర కాచుకుని ఉంది. ఆమె లోడుకి ముందు చిన్నరాయప్ప కాటా ఎక్కాడు. అంకె చూశాడు. అలవాటు కొద్దీ నోరు తెరిచి, గడ్డి మోపు దగ్గరున్న సుసన్నా వైపు చూసి, ఆగాడు.

"తొంభై మూడు," అని యార్డంతా వినబడేలా చదివాడు.

హమాలీలు కూడా నవ్వలేదు. అతను దిగి కుర్చీలో కూర్చున్నాడు. వెంకటలక్ష్మి కాయలు కాటా ఎక్కాయి.

"మీ ఒంటికి తీయని తరుగు నా కాయలకెందుకండీ, రాయప్ప గారూ?" అంది ఆమె. "మీకంటే అవే గట్టిగా ఉన్నాయి."

చిన్నరాయప్ప ఒక కాయ తీసి నొక్కి చూశాడు. కాటా ఎంత చూపిస్తే అంతా చదివేశాడు.

లోపలి నుంచి కృష్ణకాంత్ గారు గబగబా బయటికొచ్చారు. అతన్ని ఎగాదిగా చూసి, సుసన్నా దగ్గరికి పోయి గొంతు తగ్గించి, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నాడా అని అడిగారు.

సుసన్నా చేతులకంటిన గడ్డి దులుపుకుంది.

"ఒక్క పూట కూడా తప్పలేదండీ. ఈసారి ఆటో పిలవక్కర్లేదు."