మజ్జిగ ఆపితే పడిన సంతకాలు

ఎనభైల చివర్లో, గెలిచినవాళ్ల టపాకాయలూ ఓడినవాళ్ల నాటుబాంబులూ ఒకే మోతతో పేలుతున్న ఓ ఎన్నికల ఎండాకాలంలో నన్ను ఫుడ్ ఇన్‌స్పెక్టరుగా ప్రొద్దుటూరులో వేశారు. జమ్మలమడుగు, పులివెందుల కూడా నా పరిధే. కల్తీ అనుమానం వచ్చిన సరుకు శాంపిల్ తీసి ప్రయోగశాలకు పంపడం నా పని. హోదా చిన్నదే గానీ, నా లక్క సీలు కనబడితే నెయ్యి వ్యాపారులకు చెమటలు పట్టేవి. ఆ చెమట కూడా డాల్డా వాసనే వేసేది.

జమ్మలమడుగులో కోర్టు వెనక ఓబుళమ్మ మెస్సు ఉండేది. అంత చౌకగా కడుపు నిండే చోటు భూమండలం మీద మరొకటి లేదు. గల్లాపెట్టె దగ్గర టోకెన్ కొనుక్కుని, సత్తుపళ్లెం మనమే కడుక్కుని, కిటికీ ముందు నిలబడాలి. లోపలి నుంచి ఒక చేయి వచ్చి సంగటి ముద్ద పడేసేది. ఆ బరువుకి పహిల్వాన్లు కూడా మోకాళ్ల దాకా వంగేవారు. దాని మీద చింతాకు పప్పు. ఆఖరున ఓబుళమ్మ కుండతో బయటికొచ్చి మజ్జిగ పోసేది.

వాయిదాల రోజు ఎగువూరి వర్గమూ దిగువూరి వర్గమూ అక్కడే తినేవి. ఒకరినొకరు చంపుకోవడానికి పొలాలు అమ్ముకున్నవాళ్లకు చౌక భోజనం తప్ప గతేముంది? ఎదురెదురు గోడలకు వీపులానించి కూర్చునేవారు. వాళ్ల మధ్య ఒక కట్టుబాటు: ఎవరూ ముందు లేవకూడదు. ముందు లేచినవాడి వీపు శత్రువుకు దొరుకుతుంది. మజ్జిగ తాగాక ఇరుపక్షాలూ ఒక్కసారే లేచి చెరో వాకిట్లోంచి బయటపడేవి.

అలాంటి మెస్సు కందిపప్పులో కేసరిపప్పు కలుస్తోందని పుకారు పుట్టింది. కేసరిపప్పు ఎక్కువకాలం తింటే కాళ్లు పడిపోతాయి. వేగంగా పరిగెత్తగలిగినవాడే ముసలివాడయ్యే ఊళ్లకు అంతకన్నా భయంకరమైన కబురు ఉండదు. అవతలివాళ్లే కలిపిస్తున్నారని రెండు వర్గాలకూ అనుమానం. పప్పు పక్కకు తోసి వట్టి సంగటి మింగుతున్నారు. చాలామంది రావడమే మానేశారు.

ఓబుళమ్మ స్వయంగా మా ఆఫీసుకొచ్చింది. "సారూ, నువ్వొచ్చి ఆ పప్పు పరీచ్చ చేయి. ఇంగ కొన్నాళ్లు ఇట్లే పోతే నా పొయ్యి ఆరిపోతాది" అంది. శాంపిల్ తీయమని దుకాణదారే పిలవడం నా సర్వీసులో అదొక్కసారే.

వాయిదా రోజే వెళ్లాను. అందరి ఎదుటా బస్తాలోంచి పప్పు తీయించి, ధర చెల్లించి, మూడు భాగాలు చేసి, సీసాల్లో పోసి సీలు వేశాను. ఇదంతా కళ్లారా చూశామని బయటివాళ్లు సంతకం పెట్టాలి. వాళ్లను పంచ్ సాక్షులంటారు. వాళ్లు లేకుంటే నా శాంపిల్‌కు విలువ లేదు.

ఎగువూరి పెద్ద చిన్నపుల్లయ్యను అడిగాను.

"నేను చూళ్లేదు సార్."

"మీ ముందరే కదయ్యా తీసింది?"

"నా ముందరే. అయినా చూళ్లేదు. నడిబజార్లో మనిషిని నరికితేనే చూళ్లేదు సార్ మేము, పప్పుగింజల్ని చూస్తామా?"

దిగువూరి పెద్ద మౌలాలి వైపు తిరిగాను.

"నాకు చెవుడు సార్."

"చూసినట్టు పెట్టాలి, విన్నట్టు కాదు."

"అట్లనా! కండ్లు గూడా శానా దినాలుగా మసకే."

ఓబుళమ్మ మజ్జిగ కుండ ఎత్తుకుని లోపలికి పోయింది. "ఇంతమంది మొగోళ్లు తింటాండారు, ఒగనికీ కండ్లు లేవు. కండ్లు లేనోళ్లకు మజ్జిగేంటికప్పా? పోసినా కనపడదు గదా!" అని కిటికీ మూసేసింది.

సంగటి గొంతులో ఉంది. మజ్జిగ రాదు. మజ్జిగ రానిదే లేవడానికి లేదు. చేతులకంటిన సంగటి ఎండి పెచ్చులుగా రాలుతోంది. మండే ఎండలో పెన్నా నది కన్నా ముందు వాళ్ల నోళ్లు ఎండిపోయాయి. ఇంతలో కోర్టు వరండాలోంచి బంట్రోతు పేర్లు పిలవడం మొదలెట్టాడు. హాజరు కాకపోతే బెయిలు రద్దు, వారంటు.

"ఆయప్ప పెడితే నేనూ పెడతా" అన్నాడు చిన్నపుల్లయ్య.

"ముందు ఆయప్పనే పెట్టమను" అన్నాడు మౌలాలి.

"ముందు పెడితే లొంగినట్టు గాదా?"

"కింద పెడితే నేను తగ్గినట్టు గాదా?"

కాగితాన్ని అడ్డంగా తిప్పి బల్ల మీద పరిచాను. చెరో చివర, చెరో పెన్ను. నేను "ఊఁ" అనగానే ఇద్దరూ ఒక్కసారే గీకారు. కిటికీ తెరుచుకుంది. ఆ మజ్జిగ తాగిన చప్పుడు గండికోట లోయలో ప్రతిధ్వనించిందని నా నమ్మకం.

రిపోర్టు వచ్చింది: స్వచ్ఛమైన కందిపప్పు. ఓబుళమ్మ దాన్ని కిటికీ పక్కన అంటించింది. మర్నాటి నుంచే టోకెన్ల కోసం తోపులాట మొదలైంది. ఆ రెండు పేర్లు ఒకే కాగితం మీద చూసి పోలీసు అధికారి ఒకాయన నన్ను పిలిపించుకున్నాడు. జరిగింది విని, ఓబుళమ్మను స్టేషనుకు డెప్యుటేషన్ మీద పంపే వీలుందా అని అడిగాడు. అడిగింది నవ్వుతూ కాదు.

సాక్షుల్ని పిలవమని చట్టం చెబుతుంది, ఎప్పుడు పిలవాలో చెప్పదు. ఆ తర్వాత నా సర్వీసంతా భోజనం సగంలో ఉన్నవాళ్లనే పిలిచాను. తిన్నవాణ్ణి అడిగితే సాక్ష్యానికి కోర్టు మెట్లెక్కాలని గుర్తొచ్చి జారుకుంటాడు. మజ్జిగ అందనివాడు ఎంత చూశాడో అంతా చెబుతాడు.