దామోదరం చేయని పాపం

పాకాలలో రైలు దిగి బజారు వైపు నడిస్తే, జాకెట్లు కుట్టే జ్ఞానాంబ ఇల్లు ఎవరైనా చూపిస్తారు. పగలు కుట్టు, సాయంత్రం రాత. చర్చి మాసపత్రికలో విశ్వాసుల సాక్ష్యాలు ఆమే రాస్తుంది. సాక్ష్యం అంటే తెలియనివారికి ఒక మాట: దేవుణ్ణి తెలుసుకోకముందు ఎలా ఉండేవాణ్ణి, తర్వాత ఎలా మారాను అని సంఘం ముందు చెప్పుకోవడం. ఊళ్లు పట్టుకు తిరుగుతూ నాలుగు చర్చిల్లో చివరి బెంచీ మీద కూర్చున్నవారికి ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. 'ముందు' ఎంత నల్లగా ఉంటే 'తర్వాత' అంత తెల్లగా మెరుస్తుంది. జనం కళ్లు తుడుచుకునేదీ అక్కడే. జ్ఞానాంబకూ ఆ కిటుకు పట్టుబడింది.

నగరిలో మరమగ్గం నడిపే దామోదరం తన సంగతి చెప్పినప్పుడు అందులో పెద్ద పాపమేమీ లేదు. కాస్త తాగుడు, ఆదివారం పేకాట. చప్పగా ఉందనిపించి, 'రోజూ భార్యను చావబాదేవాడు' అని ఆమె ఒక వాక్యం చేర్చింది. పాస్టరుగారు దాన్ని పైకి చదివితే చర్చంతా కళ్లు తుడుచుకుంది. ఆ సాక్ష్యం నచ్చే, చిత్తూరులో కొత్తగా రాసే క్రైస్తవుల సభలో నాలుగు మంచి మాటలు చెప్పమని ఆమెను పిలిచారు.

సభ ఇంకా వారం ఉందనగా దామోదరం వచ్చాడు. అరవలేదు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"అమ్మా, మా ఇంటామె అన్న పత్రికలో చదివి వడమాలపేట నుంచి వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. మా చెల్లెల్ని ఇన్నాళ్లు కొడతా ఉంటివా అని. చేసిన పాపమైతే మోకాళ్లేసి ఒప్పుకుందును. చేయంది ఎట్ల ఒప్పుకునేది?"

దేవుడి మహిమ కోసమే రాసినానని చెప్పబోయింది. దేవుడు అడిగాడా?

మరునాడు పత్రికలో వేయడానికి సవరణ రాసుకుని నగరి బస్సెక్కింది. మగ్గాల చప్పుడు మధ్య దామోదరం భార్య మునిరత్నమ్మకు చదివి వినిపించింది. రెండు పేజీలు. కృప, క్షమాపణ, ప్రార్థన, అన్నీ ఉన్నాయి.

"అంతా దేవుడి మాటే ఉండాదక్కా. మా ఆయన నన్ను కొట్టలేదనేది యాడుండాది?"

"రెండో పేజీలో ఉండాదమ్మా."

"ఆడిదాకా ఎవురు సదువుతారు? నిన్ను బస్టాండులో తిట్టి, ఇంటికొచ్చి చెవిలో తప్పయిందంటే ఊరుకుంటావా?"

జ్ఞానాంబ పెన్ను తీసి కొట్టేస్తూ పోయింది. మిగిలింది ఇంతే: 'దామోదరం తన భార్యను కొట్టలేదు. ఆ మాట నేను కల్పించి రాశాను.'

"ఒకసారి చెంబు విసిరినాడులే" అంది మునిరత్నమ్మ. "నేనూ విసిరినా."

"అదీ రాయాల్నా?"

"వద్దు. అది మా ఇంటిది."

చిత్తూరు సభలో జ్ఞానాంబ ముందుగా ఆ రెండు వాక్యాలే చదివింది. నిర్వాహకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. భానుశ్రీ అనే అమ్మాయి వెనక వరుసలోంచి లేచింది.

"పాపం చిన్నదైతే ఎవరు చదువుతారు ఆంటీ?"

"చదవకపోతే పోనీమ్మా. నాకిప్పుడు చదివినోళ్లంటేనే భయం. రాయడం మాత్రం మానొద్దు. కొంచెం తాగినాడంటే కొంచెమనే రాయండి. తాగొస్తే తలుపు ఎవరు తీసినారో అడగండి, కథకు అది చాలు. అచ్చుకు పోకముందు, ఎవరిది రాసినారో వాళ్ల ముందర కూర్చుని గట్టిగా చదవండి. మీ గొంతు యాడ తగ్గుతుందో ఆ వాక్యం కొట్టేయండి."

సవరణ అచ్చయిన కొత్త సంచిక రాగానే ఆమె దాన్ని తీసుకుని వడమాలపేట వెళ్లింది. మునిరత్నమ్మ అన్న మునస్వామి వాకిట్లోనే నిలబడి చదివాడు.

"అదీ మీరే రాసినారు, ఇదీ మీరే రాసినారు. దేన్ని నమ్మేది?"

"అది మా ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని రాసినానన్నా. ఇది మీ చెల్లెలి ముందర కూర్చుని."

నమ్మానని అతను అనలేదు. చెల్లెలికి ఫోను కలిపి పక్కకు వెళ్లాడు. అవతల ఆమె ఏం చెప్పిందో జ్ఞానాంబకు వినబడలేదు. చాలాసేపటికి తిరిగొచ్చి, "రేపు నగరికి పోయి బావను చూసొస్తా" అన్నాడు.

ఆమెను కూర్చోమనలేదు. కూర్చోమంటాడని ఆమె కూడా అనుకోలేదు.