పడుగు దిగితే సలేశ్వరం

పోచంపల్లిలో ఆండాళును ఎరగనివాళ్లు లేరు. ఎరుగుదురంటే మొహం చూసి కాదు. ఆమె మొహం ఎప్పుడూ గోడవైపే ఉండేది. వీధిన పోయేవాళ్లకు కనబడేవల్లా ఆమె వీపూ, ఎగిరి దిగే కుడి చెయ్యీ. ఆసు పోయడమంటే అంతే మరి. అర్ధచంద్రంలా మేకులు దిగేసిన చట్రం ముందు కూర్చుని, ఒక్కో మేకు చుట్టూ నూలు తిప్పుకుంటూ పోవాలి. ఒక్క చీరకు అడ్డపోగు, అంటే పేక, సిద్ధం కావాలంటే ఆ చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. పదమూడేళ్ల పిల్లగా కాపురానికొచ్చి ఆ గోడ ముందు కూర్చుంది. కూతురు మంజులత పుట్టిన వారం తప్ప మళ్లీ లేచింది లేదు. పెంచి చెబుతున్నానంటారా? అత్త నర్సింగమ్మను అడిగి చూడండి, ఆ వారం మాత్రం ఎక్కడ లేచిందంటుంది.

అయితే ఆ గోడలో ఆండాళుకు కొండలు కనబడేవి. ఆమె పుట్టిల్లు అచ్చంపేట. అక్కణ్నుంచి నల్లమల అడవి ఎంతో దూరం లేదు. చిన్నప్పుడు ఏటా చైత్ర పున్నానికి తండ్రి ఆమెను భుజానెక్కించుకుని సలేశ్వరం జాతరకు తీసుకుపోయేవాడు. బండి ఆగిన చోటి నుంచి రాళ్లు పట్టుకుంటూ లోయలోకి దిగాలి. పైన ఎండ నిప్పులు చెరుగుతుంటుంది. అడుగున గుహలో లింగమయ్య, ఆయన ముందర కొండమీంచి పడే నీళ్లు. ఆ నీళ్ల కింద తలపెడితే పోయిన ప్రాణం లేచొచ్చేది. ఎండాకాలమంతటికీ ఆమె ఎరిగిన చల్లదనం అదొక్కటే.

మంజులత రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అమ్మవారు పోసి, కళ్లు తెరవకుండా పడిపోయింది. ఆండాళుకు ఆ నీళ్లే గుర్తొచ్చాయి. "లింగమయ్యా, నా బిడ్డ కండ్లు దెరిస్తే మేం ముగ్గురం వచ్చి నీ నీళ్ల కింద నిలబడతం" అని మొక్కుకుంది. బిడ్డ కళ్లు తెరిచింది, పెరిగింది, తల్లి భుజం దాకా వచ్చింది. మొక్కు మాత్రం అక్కడే ఉండిపోయింది.

ఎందుకుండిపోయిందంటే, మొగుడు దశరథ వల్ల. మంచివాడే. మంచివాడు కాకపోతే తిట్టడానికి సులువుగా ఉండేది. ఏటా ఉగాది పచ్చడి నాలిక మీద పెట్టుకుంటూ, "ఈ ఏడు పడుగు దిగితే సలేశ్వరమే" అనేవాడు. ఏటా పున్నం వచ్చి పోయేది, మగ్గానికెక్కించిన నిలువుపోగుల పడుగు నేత పూర్తయి దిగేది కాదు. ఎండాకాలమంటే పెళ్లిళ్ల కాలం, నేసినన్ని చీరలు కావాలంటారు. పైగా ఆ ఇంటికొక కట్టుబాటు ఉంది. మగ్గం మీద పడుగుండగా నేసేవాడు ఊరు దాటి నిద్ర చేయకూడదు.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఇంట్లో మనిషి పోతే మగ్గం మీదున్న పడుగును కత్తెరతో కోసేస్తారు. పోయినవాళ్ల చెయ్యి తగిలిన నూలును మళ్లీ నేయరు. మామ పోయిన రోజున నర్సింగమ్మే ఆ పని చేసింది. శవాన్ని చూసి బెదరని కొత్తకోడలు ఆండాళు, పోగులన్నీ తెగి వేలాడుతున్న ఆ మగ్గాన్ని చూసి జ్వరం తెచ్చుకుంది.

పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం చలికాలంలో ఆండాళుకు దగ్గు పట్టుకుంది. దగ్గు తగ్గింది గానీ ఆయాసం మిగిలింది. నీళ్ల బిందె ఎత్తితే ఆయాసం, గడప దాటితే ఆయాసం. దశరథ ఆమెను పట్నం దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు ఆమెను బయట కూర్చోబెట్టి, దశరథతో చాలాసేపు మాట్లాడాడు.

"ఏమన్నడు?" అంది ఆండాళు, బస్సులో.

"మందు తాగితే తక్కువైతదన్నడు. ఫికర్ చెయ్యకు" అన్నాడు దశరథ, కిటికీ బయటికి చూస్తూ.

ఆండాళు మరి అడగలేదు. తన ఊపిరి సంగతి తనకు ఒకరు చెప్పాలా? వచ్చే ఏటికి ఆ లోయ దిగే సత్తువ ఉండదని ఆమెకు తెలిసిపోయింది. పోతే ఈ ఏడే పోవాలి, లేకపోతే ఇంక లేదు. ఉగాది నాడు దశరథ నోరు తెరవకముందే తానే అనేసింది. "ఈసారి పడుగు దిగినా దిగకున్నా సలేశ్వరం పోవుడే. మా అన్నకు కబురు బెట్టిన."

అన్న వెంకటరాజం అచ్చంపేటలో ఎద్దుల బండి సిద్ధంగా ఉంచుతానని తిరుగు కబురు పంపాడు. ఇక ఇంట్లో ఒకటే హడావుడి. జొన్నరొట్టెలు ఎండబెట్టారు, సత్తుపిండి విసిరారు, చింతకాయ తొక్కు చిన్న జాడీలోకి తీశారు. ఎవరే దుప్పటి మోయాలి, నీళ్ల కుండ ఎవరి నెత్తిన, దీని మీద తల్లీకూతుళ్లకు రోజుకో తగాదా. నర్సింగమ్మ తాను రానంటూనే అన్నిటికీ ఆజ్ఞలు వేసేది.

"అవ్వా, అడవిల పులులుంటయంట గద" అంది మంజులత నాయనమ్మతో.

"ఉంటే ఉండనియ్. మన కులం మూలపురుషుడు భావనారుషి ఎక్కి తిరిగిందే పులిని. పద్మశాలోళ్లమని చెప్పు, పక్కకు జరుగుతది."

"పులికెట్ల చెప్తరే?"

"నీ నోటికి అదే జరుగుతది తియ్."

అందరూ నవ్వారు, దశరథ తప్ప. అతను నేత గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం మీదికి వంగిపోయి ఉన్నాడు. పోగులు తెగుతున్నాయి. నిన్నా తెగాయి, మొన్నా తెగాయి. అక్కడక్కడా బిగించి కట్టి, అంటే చిటికి వేసి, రంగులద్దిన పోగు తెగితే ఊరికే ముడేస్తే సరిపోదు, పువ్వు పువ్వుకు కలిసేలా అతకాలి. జానెడు నేసేసరికి పొద్దు వాలిపోయేది. పడుగు దిగకపోతే అతను ఊరు దాటడు, ముగ్గురి మొక్కు తీరదు.

"ఎండకు నూలు పెళుసైంది" అనేవాడు.

పాపం ఆండాళు! కిటికీకి తడి గోనె కట్టింది. మగ్గం చుట్టూ నేల మీద నీళ్లు చల్లింది. ఒగరుస్తూనే బావి నుంచి నీళ్లు మోసింది. అయినా పోగులు తెగడం ఆగలేదు. దేవుడా, నీ దగ్గరికి వస్తుంటే నువ్వే అడ్డం పడుతున్నావా అని ఒకసారి ఏడ్చింది కూడా.

తెల్లవారితే బస్సు. ఆ పగలు దశరథ బజారుకు పోయాడు. ఊరు పోయేముందు ఇల్లు ఊడ్చిపెట్టుకోవాలి కదా, ఆండాళు మగ్గం గుంట దగ్గర చీపురు పట్టింది. నూలు ముక్కలు కుప్పగా వచ్చాయి. పారెయ్యబోతూ చేత్తో తీసుకుంది. ఎండకు తెగిన పోగు కొస పీచులేచి కుచ్చులా ఉంటుంది. చిన్నప్పటి నుంచీ తెగిన పోగులు అతికిన చెయ్యి ఆమెది. వెలుతురులో పెట్టి చూసింది. ఒక్క కొసకూ పీచు లేదు. అన్నీ నున్నగా, మొద్దుగా ఉన్నాయి. కత్తెర పడిన కొసలవి.

అక్కడే కూలబడింది. దశరథ తానే కోస్తున్నాడు, తానే అతుకుతున్నాడు. ఇంటిల్లిపాది చేతా నీళ్లు చల్లిస్తూ, దేవుణ్ని తిట్టిస్తూ, రోజంతా ఇదే పని!

దశరథ వచ్చేసరికి ఆమె అలాగే ఉంది, ఒళ్లో నూలు ముక్కలతో. అతను చూశాడు.

"ఎందుకు కోసినవయ్యా?"

దశరథ బజారు సంచీని మూలకు జరిపాడు.

"నిన్నే అడుగుతున్న. నా మొక్కు మీద నీకేం పగ?"

"పగనా!" అన్నాడు దశరథ. "గుండె సొలిసిపోయింది, మెట్లు గూడ ఎక్కనియ్యొద్దన్నడు డాక్టరు. లోయ దిగుడైతే దిగుతవు, ఎక్కుడు కాదు. నా చేతులార నిన్ను ఆడ ఇడిసిరావాల్నా?"

"గా ముచ్చట నోటితోని చెప్పరాదా?"

"చెప్తే ఆగుతవా?"

"ఆగ."

"గందుకే కోసిన" అని ఏడ్చేశాడు. గడపలో నిలబడ్డ మంజులత అంతా విన్నది. నర్సింగమ్మ వంటింట్లోంచి పిండి చేతులతో వచ్చి నిలబడింది.

ఆండాళు కొంగుతో మొహం తుడుచుకుంది. మగ్గం చెక్క సందులన్నీ తడిమి, అతను దాచిన కత్తెర తీసింది. ఏం చేయబోతుందో ముందు నర్సింగమ్మకు అర్థమైంది.

"ఒద్దే ఆండాళూ! పీనుగ లేవని ఇంట్ల పడుగు కొయ్యొద్దే!"

కసకసమని కోసుకుపోయింది. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా, ఊపిరి అందకపోతే ఆగుతూ, మళ్లీ కోస్తూ. పోగులన్నీ తెగి వేలాడాయి. కత్తెర కింద పెట్టింది.

"ఇగో, మగ్గం మీద పడుగు లేదు. నువ్వు ఊరు దాటొచ్చు" అంది మొగుడితో. "నేనంటవా, పోయిననుకో. పోయినదాన్ని ఆ లోయ ఇంకేం చంపుతది?"

ముందుగా నర్సింగమ్మే చేతుల పిండి కొంగుకు తుడుచుకుని, "గీ రొట్టెలు మీకేడ సాలుతయి, ఇంకో నాలుగు జేస్త" అంటూ పొయ్యి దగ్గరికి పోయింది. పోతూ పోతూ కళ్లొత్తుకుంది.

"దిగేటప్పుడు నువ్వు నడువు" అన్నాడు దశరథ. "ఎక్కేటప్పుడు నేనెత్తుకుంట."

"గుంటల కూసునే కాళ్లు నీయి. నిన్నెవరెత్తుకోవాలె?" అంది ఆండాళు. ఆ మాటకు తనే నవ్వి, నవ్వుకు దగ్గొచ్చి, దగ్గుకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

పోయారు. ఆండాళు లోయ తన కాళ్లతోనే దిగింది. ముగ్గురూ నీళ్ల కింద నిలబడ్డారు. చల్లగా తల మీద పడుతుంటే, "నాయినా" అని పిలిచింది. చిన్నప్పుడు తనను మోసిన తండ్రినో, లింగమయ్యనో, ఆమెకే తెలియాలి. ఎక్కేటప్పుడు మాత్రం దశరథ అన్నంత పనీ చేశాడు. ఆమెను వీపునెక్కించుకుని నాలుగు రాళ్లెక్కడం, దింపి ఒగర్చడం, మళ్లీ ఎక్కించుకోవడం. జాతర జనం చూసి నవ్వారు, నవ్వనీ. పొద్దున మొదలుపెట్టిన వాళ్లు పొద్దుగూకేసరికి పైకి చేరారు. డాక్టరు మాట ఆ ఒక్క రోజుకు తప్పింది.

ఆ ఒక్క రోజుకే. మళ్లీ ఏడు మాఘమాసంలో ఆండాళు ఆసు ముందు కూర్చునే గోడకు తల ఆనించి పోయింది. అప్పటికి మగ్గం మీద సగం నేసిన పడుగుంది. పక్కన ఆమె పోసిపెట్టిన పేక చుట్టి ఉంది. ఆనవాయితీ ప్రకారం నర్సింగమ్మ ఏడుస్తూనే కత్తెర తీసుకుని వచ్చింది. దశరథ లేచి మగ్గానికి అడ్డం నిలబడ్డాడు.

"ఆమె పడుగు ఆమెనే కోసుకున్నదమ్మా. ఇంకోసారి కొయ్యొద్దు."

నర్సింగమ్మ కొడుకు మొహం చూసి కత్తెర దాచేసింది. కర్మ అయిన మర్నాడు దశరథ గుంటలోకి దిగాడు. ఆండాళు పోసిన పేక అయిపోయేదాకా తలెత్తకుండా నేశాడు. ఒక్క పోగు తెగలేదు. అన్నేళ్లలో మొదటిసారి, చైత్ర పున్నానికి ముందే పడుగు దిగింది.