ఇరవై ఐదో తారీఖు డ్యూటీ

ఇటలీకి టికెట్లు అంత చౌకగా ఎట్లా దొరికాయని మా చుట్టాలందరూ అడిగారు. డిసెంబర్ ఇరవై నాలుగు రాత్రి హైదరాబాద్‌లో ఎక్కి, ఇరవై ఐదు మధ్యాహ్నం రోమ్‌లో దిగే టికెట్లు అవి. అంతకు ముందు రోజుల ధరలు చూస్తే కళ్లు తిరిగాయి. ఆ ఒక్క రాత్రికి మాత్రం సగానికి సగం. పండుగ పూట ఇల్లు విడిచి విమానమెక్కేవాళ్లు తక్కువ కాబట్టి చౌక అని తర్వాత అర్థమైంది. అప్పుడు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయి, రద్దు చేసుకుంటే పైసా తిరిగిరాని రకం టికెట్లు రెండు కొనేశాను.

ఆ రోజు నాకు డ్యూటీ ఉందన్న సంగతి కొనేటప్పుడు గుర్తు రాలేదని మా ఆవిడతో చెప్పాను. గుర్తుంది. బాగా గుర్తుంది. గుర్తుండే కొన్నాను.

నేను పురానాపూల్ అవతల ఒక చిన్న కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్‌ని. పగలైనా రాత్రైనా ఎవరో ఒకరు ఆ మీటర్ల ముందు కూర్చోవాల్సిందే. ముగ్గురం ఉంటాం. అందులో ఒకాయన నాకంటే పెద్దవాడు, క్రిస్టియన్, మా వెనక గల్లీలోనే ఇల్లు. నేను ఆయన్ని అన్నా అంటాను, ఆయన నన్ను తమ్మీ అంటాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే మా ఇద్దరికీ ఒక ఒప్పందం కుదిరింది. నా పండుగకు ఆయన కూర్చుంటాడు, ఆయన పండుగకు నేను కూర్చుంటాను. కాగితం లేదు, సంతకం లేదు. పైవాళ్లకు కూడా అలవాటైపోయి, మమ్మల్ని అడక్కుండానే డ్యూటీలు అట్లా వేసేవాళ్లు.

నిజం చెప్పాలంటే ఈ బేరంలో లాభం నాదే. నావి బోనాలు, వినాయక చవితి, దసరా, దీపావళి, మా ఆవిడ అప్పటికప్పుడు గుర్తు చేసేవి ఇంకొన్ని. ఆయన గట్టిగా అడిగేది ఒక్క క్రిస్మస్. బోనాల ఆదివారం గల్లీ అంతా డప్పులతో ఊగిపోతుంటే, నేను కొత్త బట్టలేసుకుని బోనమెత్తిన మా ఆవిడ పక్కన నడుస్తుంటే, అన్న అక్కడ ఒంటరిగా ట్రాన్స్‌ఫార్మర్ మోత వింటూ కూర్చునేవాడు. ఇన్నేళ్లలో మా అమ్మవారి గుడి లైట్లు ఒక్కసారి ఆరిపోలేదంటే అది ఆయన పుణ్యమే.

క్రిస్మస్ నాడు నేను కూర్చుంటే, చర్చి అయిపోగానే కొత్త చొక్కాతో టిఫిన్ డబ్బా పట్టుకుని వచ్చేవాడు. బిర్యానీ, గులాబీ పువ్వులు, ఒక కేకు ముక్క. లోపలికి అడుగు పెట్టకముందే "తిన్నవా తమ్మీ?" అనేవాడు. నేను తినేదాకా కూర్చుని, డబ్బా కడిగి పట్టుకుపోయేవాడు. అలాంటి మనిషికి ఒక్క మాట చెప్పకుండా నేను టికెట్లు కొన్నాను.

ఇటలీ పిచ్చి మా ఆవిడది. ఎప్పుడో ఉస్మాన్‌గంజ్‌లో పప్పుల దుకాణం వాళ్లిచ్చిన క్యాలెండర్ మీద నీళ్లలో తేలే ఊరి బొమ్మ ఒకటుండేది. వెనిస్. ఏడాది అయిపోయాక ఆ బొమ్మ కత్తిరించి బియ్యం డబ్బా పైన గోడకు అంటించింది. పెళ్లయిన ఇన్నేళ్లకు చిట్టీ ఎత్తి, మనమూ పోదాం అన్నాను. గండిపేట దాటించని మొగుడు ఇటలీ చూపిస్తానంటే ఏ ఆడమనిషి నమ్ముతుంది? వీసా చేతికొచ్చేదాకా తను నమ్మలేదు.

చిత్రమేమిటంటే మా ఇద్దరికంటే ఎక్కువ సంబరం అన్నకే. డ్యూటీ మారే వేళ ఇద్దరం కలిసి తినడం మాకు అలవాటు. డబ్బాలు తెరిచామో లేదో ఫోన్ తీసేవాడు. "రోముల పెద్ద చర్చిలకు పోనీకి పైసలు లేవంట తమ్మీ. లైను మాత్రం పెద్దగుంటదట, పొద్దుగాల్నే పోవాలె" అనేవాడు. ఫ్లోరెన్స్‌లో ఊరి నడుమ కంటే స్టేషన్ వెనక గదులు చౌక అని ఆయనే కనిపెట్టాడు. గదులిచ్చే వాళ్లకు మెసేజ్‌లు పెట్టడం నా పని. ఇద్దరమే వస్తాం, టవళ్లు మేమే తెచ్చుకుంటాం, ఎంత తగ్గిస్తారు అని అడిగాను. ఒకామె నిజంగానే తగ్గించింది. అన్న పడీపడీ నవ్వాడు.

"నేపుల్స్ అని ఒక ఊరున్నది. ఆడ ఒక గల్లీకి గల్లీ పశువుల పాక బొమ్మలే అమ్ముతరంట. ఏడాదంత గదే దుకాణం" అన్నాడొకసారి. ప్రతి డిసెంబర్‌లో వాళ్ల ఇంటి ముందు గడ్డీ అట్టముక్కలతో యేసు పుట్టిన పశువుల పాక కట్టేది ఆయనే. మా లెక్కలో నేపుల్స్ లేదు. ఆ సాయంత్రమే కలిపాను. వెనిస్‌లో ఒక రాత్రి తగ్గిపోయింది. మా ఆవిడ మొహం మాడ్చుకుంది. తప్పు చేసినవాడికి అప్పుడే దానధర్మాలు గుర్తొస్తాయి కదా, నాదీ అదే సంగతి.

"ఇంతకీ ఎప్పుడు పోతున్నరు?" అని ఆయన అడగనే అడిగాడు.

"చలికాలం అన్నా. అప్పుడైతే చౌక."

"చలికాలమంటే?"

"ఇంక పక్కా గాలే."

ఆయన తలూపి, పెరుగన్నం కలుపుకున్నాడు. మధ్యమధ్యలో తన బిడ్డ పాట వినిపించేవాడు. ఆరో తరగతి చదివే ఆ పిల్ల ఈసారి క్రిస్మస్ పొద్దున చర్చిలో ఒక్కతే పాడబోతోంది. ఇంట్లో సాధన చేస్తుంటే తలుపు చాటు నుంచి రికార్డు చేసి తెచ్చేవాడు. "గీడ ఊపిరి సాలుతలేదు తమ్మీ. ఇంక టైమున్నది గద, అయితది" అనేవాడు. మస్తు పాడుతుందన్నా అనేవాణ్ని. డబ్బా మూత పెట్టేసేవాణ్ని.

చెప్పేస్తే పోయేది. కానీ మూడో ఆయన కాలికి ఆపరేషనై సెలవులో ఉన్నాడు. మా ఇంజినీరు సారుకు లీవ్ లెటర్ ఇచ్చిన రోజున సారు ఒకటే మాట అన్నాడు. ఇరవై ఆరు నుంచి వేరే సబ్‌స్టేషన్ మనిషిని పంపిస్తాను, ఇరవై ఐదు సెలవు దినం, ఆ రోజు ఎవరూ రారు, మీరూ మీరూ చూసుకోండి అని. అన్నకు నేను చెప్పుకుంటాను సార్ అని బయటికొచ్చాను. చెప్పలేదు. రేపు, ఎల్లుండి, జీతాలు పడ్డాక అనుకుంటూ రోజులు నెట్టాను. నాకంటే పిరికివాడు ఈ పాతబస్తీలో ఉండడు.

చలి బట్టలకు పత్తర్‌గట్టి పోయాం. దుకాణం ఆయన మా ఆవిడ ముందు కోటు మీద కోటు పరిచి, "లేలో బాజీ, ఉధర్ బహుత్ ఠండీ హై", తీసుకో అక్కా, అక్కడ చలి ఎక్కువ అన్నాడు. తను కోటు వేసుకుని అద్దంలో చూసుకుంటూ, "అన్నకు చెప్పినవా?" అంది. చెప్త అన్నాను. "ఆ పిల్ల పాట ఉన్నదంట కదా ఆనాడే." తనకు ఆ సంగతి వాళ్లింట్లో తెలిసింది. నేను కోటు ధర అడిగాను.

తిరిగొస్తూ తను మొదటి రోజు ఏం చేయాలో చెప్తోంది. క్రిస్మస్ కదా, రోమ్ అంతా లైట్లే ఉంటాయి, తెల్లవార్లూ బజారుంటుంది, ఆ రాత్రే తిరిగి కొనుక్కుందాం, తిండి కూడా వీధిలోనే అని. నేనూ అదే అనుకున్నాను. మాకు తెలిసిన పండుగ అట్లాంటిది. రంజాన్ నెలలో ఈ పత్తర్‌గట్టిలోనే తెల్లారేదాకా అడుగు పెట్టే సందుండదు. పండుగంటే వీధి మేలుకుని ఉండటమే అనుకుంటూ పెరిగాం.

ఇంకో వారంలో ప్రయాణం అనగా, డబ్బా తెరుస్తూ అన్న మామూలుగానే అన్నాడు. "తమ్మీ, ఇరవై ఐదు నాడు ఆడ అన్నీ బందుంటయి. దుకాణాలు, హోటళ్లు, మధ్యాహ్నమైతే బస్సులు గూడ నడువయంట. రొట్టెలు, తొక్కు కట్టుకపోండ్రి. లేకుంటే చెల్లె ఉపాసముంటది."

నేను చెప్పని తారీఖు ఆయన నోట వచ్చింది. నేను అడిగిన ప్రశ్న మాత్రం తెలివితక్కువది. "పండుగ నాడు బందెందుకుంటయన్నా?"

"పండుగ నాడు ఎవరింట్ల వాళ్లుంటరు తమ్మీ. దుకాణపాయన గూడ మనిషే గద."

ఆయన ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండేది. ఎప్పటినుంచి తెలుసన్నా అని అడిగాను. నువ్వు లీవ్ పెట్టిన నాడే సారు ఫోన్ చేసి అడిగిండు, నేను కూసుంట అని చెప్పిన అన్నాడు. అంటే ఇన్ని రోజులూ, రోమ్ చర్చి గురించీ ఫ్లోరెన్స్ గది గురించీ వెతికిన రోజులన్నీ, తెలిసే వెతికాడు.

"మరి నన్నెందుకు అడగలే?"

"నువ్వు చెప్తవని చూసిన."

టికెట్లు కాన్సిల్ చేస్త అన్నా, మా ఇంటామెకు నేను నచ్చజెప్పుకుంట అన్నాను. ఆయన చెయ్యి అడ్డం ఊపాడు. "పైసలు రావు గద. చెల్లె ఎన్నేండ్ల సంది అనుకుంటున్నది. పోయి రాండ్రి." ఆ మాట వినగానే లోపల హమ్మయ్య అనిపించింది. సిగ్గుతో తల వంచుకునే ఉన్నాను, కానీ హమ్మయ్య అనుకున్నాను. నా మీద నాకు అన్నిటికంటే ఎక్కువ అసహ్యం ఆ ఒక్క క్షణానికే.

రోమ్‌లో దిగేసరికి ఆయన చెప్పినట్టే ఉంది. బస్సు దొరక్క పెట్టెలు ఈడ్చుకుంటూ చాలా దూరం నడిచాం. షట్టర్లన్నీ కిందికే ఉన్నాయి. పైన కిటికీల్లోంచి మాత్రం గిన్నెల చప్పుడు, పిల్లల నవ్వులు, కాల్చిన మాంసం వాసన. వీధిలో మేమిద్దరమే. మా ఆవిడ కొత్త కోటులో చేతులు పెట్టుకుని, "అందరూ ఇండ్లల్లనే ఉన్నరు" అంది. గదికి చేరి, చపాతీలూ టమాట తొక్కూ విప్పుకుని మంచం మీదే కూర్చుని తిన్నాం.

వైఫై కలవగానే అన్న పంపిన వీడియో వచ్చింది. చర్చిలో ఆ పిల్ల తెల్ల గౌనులో నిలబడి పాడుతోంది. వదిన తీసినట్టుంది, చెయ్యి వణుకుతోంది, నడుమ ఎవరిదో తల అడ్డమొచ్చింది. ఊపిరి చాలదన్న చోట పిల్ల ఒక్క క్షణం ఆగింది. మగవాళ్లు నిలబడే గుమ్మం వైపు చూసింది. మళ్లీ అందుకుని పాట పూర్తి చేసింది. నేను చూసింది ఆ పిల్ల తండ్రి సబ్‌స్టేషన్‌లో మీటర్ల ముందు కూర్చుని ఫోన్‌లో చూసిన వీడియోనే. నేను ఎంత దూరం నుంచి చూశానో, చర్చికి రెండు గల్లీల అవతల ఉండి ఆయనా అంతే దూరం నుంచి చూశాడు.

కింద ఒక్క ముక్క రాశాడు. "తిన్నవా తమ్మీ?"

ఆ రోజు ఆయనకు డబ్బా ఎవరు పట్టుకుపోయారో, అసలు ఎవరైనా పట్టుకుపోయారో లేదో అడుగుదామని టైపు చేశాను. చెరిపేశాను. తిన్నాం అన్నా అని మాత్రం పంపాను.